గిటార్ వాయించడం రాని అకౌంటెంట్: బేస్ గిటార్‌ను ప్రపంచానికిచ్చిన లియో ఫెండర్

వినగడప (తిరువూరు): మా ఊళ్లో షాదీ ఉందంటే ముందు రోజు సాయంత్రానికే సప్లయ్ కంపెనీ ఆటో వచ్చి ఆగుతుంది. కుర్చీలు, షామియానా గుడ్డలు, పెద్ద పెద్ద డేగిసాలు దించాక, చివర్లో ఇద్దరు కుర్రాళ్లు పట్టుకుని దించేవి నల్ల సౌండ్ బాక్సులు. రాత్రి పాట మొదలైతే మాటలు చెవిన పడకముందే ఛాతీలో ఏదో దడదడమంటుంది. వంటల దగ్గర వేసిన రేకుల షెడ్డు గలగలలాడుతుంది. మా నానీ అయితే గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్లి తలుపు వేసేసుకుంటుంది. కుర్రాళ్లు మాత్రం బేస్ ఇంకా పెంచమని గొడవ చేస్తూనే ఉంటారు.

ఆ బేస్ ఎక్కణ్నుంచి వచ్చిందో మనలో ఎవరూ అడగం. పాట పాడింది ఎవరో తెలుసు, రాసింది ఎవరో తెలుసు, సినిమాలో ఆడింది ఎవరో తెలుసు. అడుగున ఉండి పాట మొత్తాన్ని మోసే ఆ బరువైన శబ్దం గురించి మాత్రం తెలియదు. కొన్నేళ్లుగా అందులో కంప్యూటర్ శబ్దం చాలా కలిసింది. కానీ మన అమ్మానాన్నలు విన్న పాటల్లో ఆ పని చేసింది ఎక్కువగా నాలుగు తీగల వాయిద్యం ఒకటి. దాని పేరు ఎలక్ట్రిక్ బేస్ గిటార్. దాన్ని ఇంటింటికీ చేరేలా తయారు చేసినవాడు లియో ఫెండర్. ఆయన చనిపోయి ముప్పై ఏళ్లు దాటింది.

సంగీతం వినొచ్చా, వినకూడదా, ఎంతవరకు వినొచ్చు అనే చర్చ మన ఇళ్లల్లో ఉన్నదే. అది పెద్దలు, ఉలమా చూసుకుంటారు. నేను ఈ కథ రాయడానికి కారణం వేరే. లియో ఫెండర్ సంగీతకారుడు కాదు. గిటార్ వాయించడం ఆయనకు చివరిదాకా రాలేదు. ఆయన చదివింది అకౌంటెన్సీ. అంటే మన భాషలో కామర్స్ కుర్రాడు. నేనూ బీకాం చదివినవాణ్నే. డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసులో లెక్కలు రాసే పనిలో చేరితే, రెండేళ్లు తిరక్కుండానే పని తగ్గిందని మమ్మల్ని నలుగురిని ఒకే రోజు ఇంటికి పంపేశారు. ఆ రోజు బస్సులో తిరువూరు వస్తుంటే ఇంట్లో అబ్బాకి ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత ఎప్పుడో లియో జీవితం చదివాను. ఆయనకూ సరిగ్గా ఇదే జరిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఒక కన్ను, ఒక పెట్టె నిండా రేడియో సామాన్లు

లియో పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. 1909 ఆగస్టు 10న అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టాడు. అనహైమ్, ఫుల్లర్టన్ అనే ఊళ్ల మధ్య వాళ్లకు నారింజ తోట ఉండేది. మన తిరువూరు, నూజివీడు వైపు మామిడి తోటల మీద కుటుంబాలు బతికినట్టే వాళ్లు నారింజ మీద బతికేవాళ్లు. గొప్ప ఆస్తిపరులు కారు, అలాగని పూట గడవనివాళ్లూ కారు.

ఎనిమిదేళ్ల వయసులో కంటికి గడ్డ వచ్చి ఎడమ కన్ను తీసేయాల్సి వచ్చింది. ఆ చోట గాజు కన్ను పెట్టారు. ఆ వయసు పిల్లాడికి, ఆ తల్లిదండ్రులకు అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో తోటివాళ్లను సైన్యంలోకి తీసుకున్నప్పుడు ఈ కన్ను వల్లే ఆయన ఇంటి దగ్గర ఉండిపోయాడు. ఆ ఏళ్లల్లోనే ఆయన అసలు పని మొదలైంది.

చిన్నప్పుడు కొన్నాళ్లు పియానో నేర్పించారు. తర్వాత శాక్సోఫోన్ పట్టుకున్నాడు. రెండూ నిలవలేదు. చెయ్యి వేరే చోటికి లాగింది. ఆయన మామయ్య ఒకాయన శాంటా మరియా అనే ఊళ్లో కార్లకు ఎలక్ట్రికల్ పని చేసే షాపు నడిపేవాడు. లియోకి పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు ఆ మామయ్య ఒక పెట్టె పంపాడు. అందులో ఒక కారు బ్యాటరీ, పనికిరాని రేడియో సామాన్లు కొన్ని ఉన్నాయి. మరుసటి ఏడు ఆ షాపుకే వెళ్తే, మామయ్య పాత సామాన్లతో చేసిన రేడియో ఒకటి షాపు ముందు గట్టిగా మోగుతోంది. ఆ స్పీకర్ లోంచి వచ్చిన శబ్దం ఆయనకు జీవితాంతం గుర్తుండిపోయింది. ఇంటికొచ్చి తల్లిదండ్రుల దగ్గరే ఓ మూల చిన్న రిపేర్ పని మొదలుపెట్టాడు.

మన ఇళ్లల్లోనూ ఇలాంటి మామూలు ఉంటారు. ఒక స్క్రూ డ్రైవర్, పాడైపోయిన ఫ్యాన్ మోటార్ ఇచ్చి పిల్లాణ్ని కూర్చోబెడతారు. అది చదువు చెడగొట్టడం అని అమ్మీ కోప్పడుతుంది. ఆ కోపంలో కొంత న్యాయం ఉందనుకోండి. కానీ అన్నిసార్లూ కాదు.

ఉద్యోగం పోయిన అకౌంటెంట్

1928లో హైస్కూలు అయ్యాక లియో ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో అకౌంటింగ్ తీసుకున్నాడు. ఎలక్ట్రానిక్స్ ఆయన ఏ క్లాసులోనూ చదవలేదు. చూసి, విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నదే. కాలేజీ అయ్యాక ఒక ఐస్ కంపెనీలో సరుకు చేరవేసే పనిలో చేరి, తర్వాత అక్కడే లెక్కలు రాసే గుమాస్తా అయ్యాడు. ఆ రోజుల్లోనే ఒక బ్యాండు నాయకుడు డ్యాన్స్ హాళ్లలో వాడుకోవడానికి మైక్ సెట్లు కావాలని అడిగితే ఆరు తయారు చేసే ఒప్పందం చేసుకున్నాడు.

1934లో ఎస్తర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. అప్పటికి రాష్ట్ర రహదారుల శాఖలో అకౌంటెంటు ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ ఉద్యోగం, పెళ్లి, ఇక చాలనుకునే స్థితి. కానీ అవి అమెరికాలో మహా మాంద్యం రోజులు. బ్యాంకులు మూతపడి, పనులు ఆగిపోయి, లక్షల మంది వీధిన పడ్డారు. లియో ఉద్యోగాన్ని ఎత్తేశారు. తర్వాత ఒక టైర్ల కంపెనీ అకౌంట్స్ లో చేరాడు. ఆరు నెలలకు అక్కడి అకౌంటెంట్లతో పాటు ఆయన్నీ తీసేశారు.

అప్పుడు ఆయన వయసు ముప్పై లోపే. మళ్లీ అప్లికేషన్లు పట్టుకుని తిరగొచ్చు. అలా చేయలేదు. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్ తిరిగొచ్చి ఫెండర్ రేడియో సర్వీస్ అని షాపు తెరిచాడు. రేడియోలు, రికార్డు ప్లేయర్లు బాగుచేసేవాడు. మైక్ సెట్లు అద్దెకిచ్చేవాడు. అంటే మన సప్లయ్ కంపెనీ, ఎలక్ట్రికల్ షాపు రెండూ కలిపి అనుకోండి.

కామర్స్ చదివినవాడిగా నాకు ఇక్కడ ఒక సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఆ 600 డాలర్ల అప్పు గాలిలో పెట్టింది కాదు. పదేళ్లకు పైగా ఖాళీ సమయాల్లో నేర్చుకున్న పని చేతిలో ఉంది. ఆరు మైక్ సెట్ల ఆర్డరు చేసిన అనుభవం ఉంది. ఊళ్లో తెలిసిన ముఖాలు ఉన్నాయి. ఖర్చు, రాబడి రాసుకోవడం వచ్చు. ఉద్యోగం పోయింది కదా అని వ్యాపారం మొదలుపెట్టడం వేరు, హునర్ చేతిలో పెట్టుకుని మొదలుపెట్టడం వేరు.

వినపడని పెద్ద వాయిద్యం

ఆ షాపుకు ఊళ్లో సంగీతకారులు వచ్చేవాళ్లు. వాళ్లందరి గోలా ఒకటే. హాళ్లు పెద్దవయ్యాయి, జనం పెరిగారు, డ్రమ్ములు, బాకాలు గట్టిగా మోగుతున్నాయి. గిటార్ వినపడటం లేదు. గిటార్ కన్నా ఘోరమైన పరిస్థితి డబుల్ బేస్ వాయించేవాడిది.

డబుల్ బేస్ అంటే వయొలిన్ రూపంలోనే ఉండి, మనిషంత ఎత్తు ఉండే వాయిద్యం. నిలబడి, పక్కన ఆనించుకుని వాయించాలి. మన మద్రాసు స్టూడియోల పాత ఆర్కెస్ట్రాల్లోనూ అది ఉండేది. దాన్ని ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లాలంటే కారు పైన కట్టుకోవాలి. వానకు, ఎండకు కర్ర చెడుతుంది. ఇంత మోసుకెళ్లి వాయిస్తే చివరికి వెనక బెంచీలో వాళ్లకు వినపడదు. పైగా దాని మెడ మీద మెట్లు ఉండవు. మన వీణకు మెట్లు ఉంటాయి, వయొలిన్ కు ఉండవు కదా. వయొలిన్ మీద వేలు ఒక్క వెంట్రుక పక్కకు పడినా స్వరం తప్పుతుంది. డబుల్ బేస్ దీ అదే కష్టం.

కరెంటు బేస్ చేయాలన్న ఆలోచన లియోకే మొదట వచ్చిందని చెప్తే అది అబద్ధం అవుతుంది. సియాటిల్ నగరంలో పాల్ టట్మార్క్ అనే ఆయన 1930లలోనే మెట్లున్న, పడుకోబెట్టి పట్టుకునే కరెంటు బేస్ ఒకటి చేసి అమ్మాడు. అది నాలుగు ఊళ్లు దాటలేదు. కొత్త వస్తువు కనిపెట్టడం ఒకటి, దాన్ని అందరికీ అందే ధరలో, ఒకేలా, విరిగితే బాగయ్యేలా వేల సంఖ్యలో చేయడం ఇంకొకటి. లియో పేరు నిలిచింది ఈ రెండో దాంట్లో.

యుద్ధం రోజుల్లో డాక్ కాఫ్మన్ అనే సంగీతకారుడితో కలిసి లియో పని మొదలుపెట్టాడు. 1945లో ఇద్దరూ కలిసి ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయి గిటార్లు, వాటికి ఆంప్లిఫయర్లు చేశారు. మరుసటి ఏడాదికే కాఫ్మన్ పక్కకు తప్పుకున్నాడు. అప్పు చేసి ఫ్యాక్టరీ పెంచడం ఆయనకు భయం వేసింది. ఆ భయం తప్పు కాదు. తర్వాత కొన్నేళ్లు లియోకి జీతాలివ్వడానికే కటకటగా ఉండేది. ఎస్తర్ టెలిఫోన్ కంపెనీలో చేసే ఉద్యోగం వల్లే ఇల్లు గడిచిన రోజులున్నాయి. గొప్పవాళ్ల కథల్లో ఇలాంటి ఇల్లాలి జీతం ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఆ జీతమే లేకపోతే కథ అక్కడే ఆగిపోయేది.

1948లో జార్జ్ ఫుల్లర్టన్ అనే యువకుడు పనిలో చేరాడు. ఇద్దరూ కలిసి గిటార్ ను కొత్తగా ఆలోచించారు. మామూలు గిటార్ కు లోపల డొల్ల ఉంటుంది. శబ్దం ఆ డొల్లలో పెరుగుతుంది. దాని ముందు ఆంప్లిఫయర్ పెడితే కుయ్యిమని కూత వస్తుంది. మన మసీదు మైకు, స్పీకర్ కు ఎదురుగా పెడితే వచ్చే కూతే అది. లియో డొల్ల తీసేశాడు. ఘనంగా ఉన్న చెక్క పలక, దాని మీద తీగలు, తీగల కింద అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన పికప్. ఇనుప తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, ఆ కరెంటును ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. అంతే సూత్రం. 1950లో ఈ గిటార్ బజారులోకి వస్తే పోటీ కంపెనీల వాళ్లు పడవ తెడ్డు అని నవ్వారు. తర్వాత అదే టెలికాస్టర్ పేరుతో ప్రపంచమంతా తిరిగింది.

1951

మన దగ్గర పాతాళ భైరవి విడుదలైన సంవత్సరం అది. ఆ ఏడాది చివర్లో ఫుల్లర్టన్ లోని ఫ్యాక్టరీ నుంచి ప్రెసిషన్ బేస్ అనే వాయిద్యం బయటికొచ్చింది. పేరులోనే ఉంది విషయం. మెడ మీద ఇరవై మెట్లు. వేలు ఎక్కడ పెడితే స్వరం అక్కడ కచ్చితంగా పలుకుతుంది. గిటార్ లోని కింది స్థాయి నాలుగు తీగల స్వరాలే, కానీ ఒక స్థాయి ఇంకా కిందికి. అంటే గిటార్ వాయించేవాడు ఎవరైనా కొన్ని రోజుల్లో దీన్ని పట్టుకోవచ్చు.

తీగ పొడవు ఎంత ఉండాలన్నది పెద్ద సమస్య. డబుల్ బేస్ అంత పొడవు పెడితే భుజానికి వేసుకోలేరు, మెట్లు మరీ దూరమవుతాయి. గిటార్ అంత పొట్టిగా పెడితే తీగ సాగిలపడి శబ్దంలో బలం ఉండదు. రకరకాల పొడవులు చేసి చూసి చివరికి 34 అంగుళాల దగ్గర ఆగారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువ బేస్ గిటార్ల కొలత ఇదే. ఆ మరుసటి ఏడాదే దీనికి తగిన ఆంప్లిఫయర్ కూడా చేశాడు. ఒకటి అమ్మి రెండోది లేకపోతే మొదటిది పనికిరాదని లెక్కల మనిషికి తెలుసు.

ఇందులో రిపేర్ షాపు బుద్ధి అంతటా కనపడుతుంది. పాత గిటార్లలో మెడను జిగురుతో అతికించేవాళ్లు. విరిగితే పెద్ద ఖర్చు. లియో నాలుగు స్క్రూలతో బిగించాడు. విప్పి, మార్చి, మళ్లీ వేదిక ఎక్కొచ్చు. తనకు వాయించడం రాదు కాబట్టి తన చెవిని నమ్మలేదు. చుట్టుపక్కల బ్యాండ్ల వాళ్లకు నమూనాలు ఇచ్చి, వాయించాక తప్పులు చెప్పమని అడిగేవాడు. వాళ్లు చెప్పిన తప్పులన్నీ విని మార్చేవాడు. రానితనాన్ని దాచుకోకుండా అడిగి తెలుసుకోవడం ఆయనకు వచ్చిన పెద్ద విద్య.

ఇంకో మాట. ఆ ఫ్యాక్టరీలో వెంట్రుకలాంటి రాగి తీగను వేల చుట్లు చుట్టి పికప్ లు తయారు చేసిన వాళ్లలో చాలామంది మెక్సికో మూలాలున్న మహిళలు. 1956లో చేరిన అబిగైల్ ఇబారా చుట్టిన పికప్ ల కోసం ఆమె పెద్దదయ్యాక సంగీతకారులు వెతికి మరీ కొన్నారు. మన ఇళ్లల్లో జరీ పని, కుట్టు పని చేసే ఆడవాళ్ల పేరు బట్ట మీద ఉండదు. అక్కడా చాలాకాలం అంతే.

మొదట్లో జాజ్ పెద్దలు ఈ కొత్త వాయిద్యాన్ని చిన్నచూపు చూశారు. లయనల్ హాంప్టన్ బృందంలో మాంక్ మాంట్గోమరీ దీన్ని పట్టుకుని దేశమంతా తిరిగాక అనుమానం తగ్గింది. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్, 1957లో బేస్ కు కొత్త పికప్, 1960లో జాజ్ బేస్. పది పన్నెండేళ్లలో డబుల్ బేస్ నిలబడ్డ చోట చాలాచోట్ల ఈ నాలుగు తీగల పలక వచ్చేసింది.

అడుగున ఉన్నవాడికి పేరు ఉండదు

వాయిద్యం చేసినవాడు లియో అయితే, అది ఏం చేయగలదో చూపించినవాడు జేమ్స్ జామర్సన్. ఆయన కథ లేకుండా లియో కథ సగమే.

జామర్సన్ నల్లజాతి అమెరికన్. 1936లో దక్షిణ కరోలినాలో పుట్టి, తల్లితో డెట్రాయిట్ వచ్చాడు. స్కూల్లో డబుల్ బేస్ నేర్చుకున్నాడు. తర్వాత ఫెండర్ ప్రెసిషన్ బేస్ పట్టుకున్నాడు. డెట్రాయిట్ లోని మోటౌన్ కంపెనీ ఒక ఇంటిని స్టూడియో చేసుకుని 1960లలో అమెరికానంతా పాడించింది. ఆ పాటల్లో చాలావాటికి అడుగున ఉన్నది జామర్సన్ వేళ్లే. ఆయన ఎక్కువగా కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. అంతకుముందు బేస్ అంటే ఒకటే స్వరం పట్టుకుని నడవడం. జామర్సన్ దాన్ని పాటకు అడుగున ఇంకో పాటలా నడిపించాడు.

ఆ రోజుల్లో రికార్డు కవరు మీద గాయకుల పేర్లే వేసేవాళ్లు, వాయించినవాళ్లవి కాదు. 1971లో మార్విన్ గే ఆల్బం వచ్చేదాకా జామర్సన్ పేరు మోటౌన్ పెద్ద రికార్డు మీద కనపడలేదు. 1983లో ఆ కంపెనీ ఇరవై ఐదేళ్ల వేడుక పెద్దగా చేసింది. జామర్సన్ కు పిలుపు లేదు. బయట టికెట్టు కొనుక్కుని పైన బాల్కనీలో కూర్చుని చూశాడు. అప్పటికే తాగుడు ఆయన్ని తినేసింది. ఆ ఏడాది ఆగస్టు 2న చనిపోయాడు. వయసు 47. ఇవాళ బేస్ నేర్చుకునే ప్రతివాడూ ఆయన పేరే మొదట చెప్తాడు. ఆయన ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

మన పాటల అడుగున

బేస్ చేసే పని ఏంటో మనకు అర్థం కావాలంటే బుర్రకథ గుర్తు చేసుకోండి. మన పద్మశ్రీ షేక్ నాజర్ గారు తంబురా పట్టుకుని మధ్యలో కథ నడుపుతుంటే, చెరోపక్క వంతలు డక్కీలు వాయిస్తూ కథను పట్టి ఉంచేవాళ్లు. జనం చూపు నాజర్ గారి మీదే. కానీ ఆ డక్కీలు ఆగితే ఆయన అడుగు ఆగుతుంది. తబలాలో ఎడమ చేతి డగ్గా చేసేదీ ఇలాంటి పనే. బేస్ గిటార్ ఇంకో అడుగు ముందుకేసింది. డ్రమ్ముతో పాటు తాళాన్ని, పాటతో పాటు స్వరాన్ని, రెండింటినీ ఒకే చేత్తో పట్టుకుంటుంది. దమ్ బిర్యానీ తిన్నవాళ్లు మసాలాను మెచ్చుకుంటారు, అడుగున బొగ్గులు సమంగా సర్దినవాణ్ని కాదు. అడుగు మాడితే మాత్రం అందరికీ వాడే గుర్తొస్తాడు.

తెలుగు సినిమాల్లో బేస్ గిటార్ ను అందరికీ వినపడేలా చేసిన వాళ్లలో ఇళయరాజా గారు ముందుంటారు. ఆయన స్వయంగా గిటార్ నేర్చుకున్నవారు, ప్రతి వాయిద్యం ఏం వాయించాలో కాగితం మీద రాసి ఇచ్చేవారు. గీతాంజలి (1989) పాటలు ఒకసారి ఇయర్ ఫోన్లు పెట్టుకుని వినండి. గొంతును కాసేపు పక్కన పెట్టి అడుగున నడిచే తీగను పట్టుకోండి. ఇన్నేళ్లూ విన్న పాట కొత్తగా వినపడుతుంది. సెల్ ఫోన్ స్పీకర్ లో ఇది దొరకదు. బేస్ లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే ఊగుతుంది. అంత నెమ్మదైన ఊపును ఆ చిన్న స్పీకర్ బయటికి తేలేదు.

ఉర్దూ వైపు చూసినా ఇదే. నుస్రత్ ఫతే అలీ ఖాన్ సాబ్ 1990లో కెనడాకు చెందిన మైకేల్ బ్రూక్ తో కలిసి చేసిన మస్త్ మస్త్ ఆల్బంలో హార్మోనియం, తబలాల అడుగున బేస్ చేరింది. పాకిస్తాన్ కోక్ స్టూడియోలో పాత కలామ్ లను కొత్తగా పాడినప్పుడు కూడా ఒక మూల నిలబడి తల వంచుకుని వాయించే మనిషి ఒకరు ఉంటారు. కెమెరా ఆయన మీద ఎక్కువసేపు ఆగదు.

అమ్మేశాక మళ్లీ మొదలు

1960ల మొదట్లో లియో వ్యాపారం బ్రహ్మాండంగా ఉంది కానీ ఆరోగ్యం బాగాలేదు. ముక్కు, సైనస్ ఇన్ఫెక్షన్ ఏళ్ల తరబడి వదల్లేదు. ఇక ఎక్కువ కాలం ఉండనేమో అనుకున్నాడు. 1965 జనవరిలో కంపెనీని సీబీఎస్ అనే పెద్ద సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మేశారు. 600 డాలర్ల అప్పుతో తెరిచిన షాపు 27 ఏళ్లలో ఇంతయింది. తర్వాత కొన్నేళ్లకు ఒక కొత్త డాక్టరు మందిస్తే ఆ జబ్బు తగ్గిపోయింది. కంపెనీ మాత్రం చేతిలో లేదు.

కొత్త యజమానుల చేతిలో నాణ్యత పడిపోయిందని సంగీతకారులు గొడవపెట్టారు. ఇవాళ్టికీ 1965కు ముందు చేసిన ఫెండర్ కు, తర్వాత చేసినదానికి ధరలో చాలా తేడా ఉంటుంది. బ్యాలెన్స్ షీటులో గుడ్ విల్ అని ఒక వరుస రాయడం మాకు కాలేజీలో నేర్పారు. అది కాగితం మీద ఎంత సులువుగా కొనొచ్చో, ఫ్యాక్టరీలో అంత సులువుగా పోగొట్టుకోవచ్చని ఈ కథ చూశాకే నాకు తెలిసింది. చివరికి 1985లో ఆ కంపెనీ ఉద్యోగులే కొందరు కలిసి దాన్ని కొనుక్కుని నిలబెట్టారు.

అంత డబ్బు వచ్చాక లియో తోటలో కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. కూర్చోలేదు. 1970లలో మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీలో చేరి 1976లో స్టింగ్ రే అనే కొత్త బేస్ తెచ్చాడు. 1979లో ఎస్తర్ క్యాన్సర్ తో చనిపోయింది. నలభై ఐదేళ్ల తోడు. మరుసటి ఏడాది ఫిలిస్ ను పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజుల్లోనే, డెబ్బై ఏళ్ల వయసులో, పాత స్నేహితుడు జార్జ్ ఫుల్లర్టన్ తో కలిసి జీ అండ్ ఎల్ అని ఇంకో కంపెనీ పెట్టాడు. జీ అంటే జార్జ్, ఎల్ అంటే లియో. 1948లో చేర్చుకున్న కుర్రాడి పేరు ముందు, తన పేరు వెనక.

తర్వాత పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. చేతులు వణికేవి. అయినా రోజూ వర్క్ షాపుకు వెళ్లేవాడు. 1991 మార్చి 21న చనిపోయాడు. వయసు 81. అంతకు ముందు రోజు కూడా పనిలోకి వెళ్లాడు. ఆయన బల్ల, పనిముట్లు ఎలా వదిలి వెళ్లాడో ఆ గదిని అలాగే ఉంచారు. మరుసటి ఏడాది అమెరికాలో రాక్ సంగీతానికి ఇచ్చే పెద్ద గౌరవం ఆయన పేరుకు ఇచ్చారు. ఆయనకు ఇష్టమైంది రాక్ కాదు, పల్లె పాటలు. దాన్ని చూడటానికి ఆయన లేడు.

మన వీధిలో

తిరువూరు బస్టాండు చుట్టుపక్కల చూస్తే సెల్ ఫోన్ రిపేర్లు, ఏసీ మెకానిక్కులు, ఇన్వర్టర్ పనివాళ్లలో మన కుర్రాళ్లు చాలామంది కనపడతారు. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం ఈ పని చెప్పుకోవడానికి ఇళ్లల్లో నామోషీ. డిగ్రీ పేరు ముందు చెప్తారు, పని పేరు చివర్లో గొణుగుతారు. డిగ్రీ వద్దని నేను అనను. లియోకి అకౌంట్స్ రాకపోతే ఆ షాపు ఆరు నెలల్లో మూతపడేదేమో. కానీ చేతిపనిని దాచుకోవాల్సిన అవసరం లేదు. రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడే ఆ 600 డాలర్లు నిలబడ్డాయి.

అందరం కంపెనీలు పెట్టలేం. లియో పక్కన టట్మార్క్ ఉన్నాడు, కాఫ్మన్ ఉన్నాడు, పేరు పడని జామర్సన్ ఉన్నాడు. అందరి మెహనత్ కు ఒకే ఫలం రాలేదు. రిజ్క్ ఇచ్చేది అల్లాహ్, మన వంతు పని నేర్చుకోవడం, నేర్చుకున్నవాణ్ని గౌరవించడం.

మొన్న మా వీధిలో వలీమా అయ్యాక సప్లయ్ కంపెనీ కుర్రాడు ఒక బాక్సు వెనక పలక విప్పి, వైరు ఊడిపోతే సోల్డరింగ్ పెట్టుకుంటూ కనపడ్డాడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడట, కామర్సే. పనితో పాటు లెక్కల పుస్తకం కూడా రాసుకుంటున్నావా అని అడిగాను. లేదన్నాడు. ఆ మర్నాడు తిరువూరు వెళ్లినప్పుడు ఒక పొడుగు నోటు పుస్తకం కొని ఇచ్చాను. మొదటి పేజీలో జమ, ఖర్చు గీతలు నేనే గీశాను.